తాత్పర్యం చెప్పే హక్కు ఎవరిది?

కిందటేడు మా సంస్థలో రెండు రోజుల వర్క్‌షాపు పెట్టారు. విషయం, పనిచేసే చోట సంభాషణా నైపుణ్యాలు. హాజరు తప్పనిసరి అని సర్క్యులర్ వచ్చింది కాబట్టి అందరం వెళ్లాం. అందరం అంటే, డైరెక్టరుగారు దీపం వెలిగించి నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోయారు. ఇద్దరు సీనియర్ ప్రొఫెసర్లకు సరిగ్గా అవే రోజుల్లో వైవాలు పడ్డాయి. హాల్లో మిగిలినవాళ్లలో ముప్పాతిక వంతు ఆడవాళ్లమే. గెస్ట్ లెక్చరర్లు, ప్రాజెక్టు ఫెలోలు, ఆఫీసులో టైపు చేసే అమ్మాయిలు, లైబ్రరీ అసిస్టెంట్లు. వినడం నేర్చుకోవలసింది కిందివాళ్లేనని ఎవరూ నోరు తెరిచి అనలేదు. హాజరు పట్టీ చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

శిక్షణ ఇచ్చినతను మంచివాడే. ఎవరినీ చిన్నబుచ్చకుండా మాట్లాడాడు. అతను చెప్పిందల్లా ఇది: ఎదుటివారు చెప్పింది పూర్తిగా వినండి, దాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి, ‘నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?’ అని అడిగి ధ్రువపరచుకోండి. ఆఫీసుల్లో గొడవలు చాలావరకు దీనితోనే తీరిపోతాయన్నాడు. తర్వాత మమ్మల్ని జంటలుగా కూర్చోబెట్టాడు. నా వంతుకు అకౌంట్స్ సూపరింటెండెంటుగారు వచ్చారు. ఆయన రెండు నిమిషాలు మాట్లాడారు. ఆడిట్ అభ్యంతరాలు, ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కడే చెయ్యడం, మోకాళ్ల నొప్పులు. నేను తిరిగి చెప్పాను. ‘పని పెరిగిందన్న బాధకంటే, ఇంత పని చేస్తున్నానని ఎవరూ గుర్తించట్లేదన్న బాధ మీకు ఎక్కువగా ఉన్నట్టు నాకర్థమైంది, సరేనాండీ?’ అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. ‘మా ఇంట్లో కూడా నా మాట ఇట్లా ఎవరూ వినలేదు మేడం’ అన్నారు.

తర్వాత నా వంతు. ‘నాకు అయిదు నెలలుగా ఫెలోషిప్ డబ్బు రాలేదు. ఫైలు మీ సెక్షన్‌లోనే ఉంది. అద్దె కట్టడానికి మా అక్క దగ్గర అప్పు చేశాను. వారానికోసారి వచ్చి మీ టేబుల్ ముందు నిలబడడం నాకు అవమానంగా ఉంది’ అన్నాను. ఆయన గొంతు సవరించుకుని, ‘మేడంగారు చెప్పేదేంటంటే, కొంచెం ఆలస్యమైనా ఓపిక పడితే అన్నీ సర్దుకుంటాయి అంటున్నారు’ అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు. ‘సరిగ్గానే అర్థం చేసుకున్నానా మేడం?’ అని ఆయన నియమం ప్రకారం అడిగారు కూడా. ‘లేదండీ’ అన్నాను. శిక్షకుడు మధ్యలో వచ్చి, ‘ఆమె ఫీలింగ్ పట్టుకున్నారు, వెరీ గుడ్’ అని తర్వాతి జంటను పిలిచాడు.

నా గొడవ ఆ సూపరింటెండెంటుగారితో కాదు. ఆయన కావాలని చెయ్యలేదు. నా మాటలు ఆయన చెవిలో పడేసరికే అలా మారిపోయాయి. నన్ను కలవరపెట్టింది ఆ ‘లేదండీ’. నియమం ప్రకారం అడిగారు, నియమం ప్రకారం కాదన్నాను, ఏమీ జరగలేదు. తిరిగి చెప్పడం, ధ్రువపరచుకోవడం అనే ఈ పద్ధతి మొత్తం నిలబడేది కాదన్న మాటకు ఏం విలువ ఉంటుందన్న దాని మీద. దాని గురించి రెండు రోజుల్లో ఒక్క నిమిషం కూడా మాట్లాడలేదు.

ఈ కసరత్తు ఇంగ్లీషులో ఎలా వినిపిస్తుందో గాని, తెలుగులో దీని సంగతి వేరు. మన సంభాషణలో ‘అంటే’ అనే మాటతో మొదలైన వాక్యం నూటికి తొంభైసార్లు పోట్లాటకే దారి తీస్తుంది. ‘అంటే ఏమంటావ్ ఇప్పుడు?’, ‘అంటే నేను అబద్ధం చెప్తున్నాననా?’, ‘అంటే మా అమ్మకి తెలీదనా?’. ఎదుటివాళ్ల మాటకు అర్థం చెప్పడమంటే వాళ్ల మీద నేరం మోపడమే మన ఇళ్లలో. ఆఫీసులో పై అధికారితో ‘అంటే సార్, మీరు చెప్పింది నాకిలా అర్థమైంది’ అని చూడండి. ‘మీకు రెండుసార్లు చెప్పాలామ్మా?’ అంటారు. కింది ఉద్యోగి తిరిగి చెప్పడం తెలివితక్కువతనం కిందికో, ఎదురు చెప్పడం కిందికో వస్తుంది. పైనుంచి కిందికి వచ్చేది మాత్రం ఒకే ప్రశ్న, ‘అర్థమైందా?’. దానికి మన భాషలో ఒకటే జవాబు, ‘అయిందండీ’. ఆ ప్రశ్న అడిగేది అర్థం గురించి కాదని బడికి వెళ్లిన ప్రతి పిల్లకూ తెలుసు.

బడి అంటే గుర్తొచ్చింది. మనకు ఇంకొకరి మాటను మన మాటల్లో చెప్పడం నేర్పింది తెలుగు క్లాసే. పద్యం, ప్రతిపదార్థం, భావం. పద్యం కవిది, భావం మాస్టారిది. మా మాస్టారు భావాన్ని డిక్టేట్ చేసేవారు, మేం రాసుకుని బట్టీపట్టేవాళ్లం. పరీక్షలో ‘మీ సొంత మాటల్లో రాయండి’ అని ఉండేది. సొంత మాటల్లో రాసిన పిల్లకు మార్కులు తగ్గేవి. తర్వాత సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాను కాబట్టి టీక, తాత్పర్యం, వ్యాఖ్యానం అన్నవాటి వైభవం నాకూ తెలుసు. వాటిని తక్కువ చెయ్యను. కానీ మూలం ఆడదాని నోటి నుంచి వచ్చినప్పుడు తాత్పర్యం ఏమైందో కూడా చదువుకున్నాను. ముద్దుపళని రాధికాసాంత్వనానికి వీరేశలింగంగారు ఇచ్చిన తీర్పును కుదిస్తే అశ్లీలం అన్న ఒక్క మాటే మిగులుతుంది. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో ఆ కావ్యాన్ని మళ్లీ అచ్చు వేయిస్తే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1947లో గాని తొలగలేదు. కావ్యం మొత్తం ఒకవైపు, దాని మీద మగవాళ్లు చెప్పిన ఒక్క మాట ఒకవైపు. అన్నేళ్లూ ఆ ఒక్క మాటే గెలిచింది.

వర్క్‌షాపు అయ్యాక ఈ పద్ధతి పుట్టుక ఏమిటో వెతికాను, పరిశోధకురాలికి కోపం వస్తే చేసే పని అదే కదా. 1957లో షికాగో విశ్వవిద్యాలయంలోని పారిశ్రామిక సంబంధాల కేంద్రం ఒక చిన్న పుస్తకం వేసింది. రాసినవాళ్లు మనస్తత్వవేత్తలు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్. క్రియాశీలంగా వినడం అనే పేరు ప్రచారంలోకి వచ్చింది దానితోనే. అది కార్మికులకు రాసింది కాదు. కార్మికుల మీద అజమాయిషీ చేసేవాళ్లకు రాసింది. నీ కింద పనిచేసే మనిషి వచ్చి ఏదైనా చెప్పినప్పుడు వెంటనే సలహా ఇవ్వకు, తీర్పు చెప్పకు, అతను చూసే చోట నిలబడి చూడు, నీకు అర్థమైంది అతనికి చెప్పి సరిచూసుకో అంటుంది. ఇంకో మాట కూడా ఉంది అందులో. ఇలా వినడం ప్రమాదం అంటారు వాళ్లు. నిజంగా వింటే విన్నవాడు మారిపోయే ప్రమాదం ఉంది, తను నమ్మినవి కదిలిపోయే ప్రమాదం ఉంది, దానికి ధైర్యం కావాలి అని.

పైవాడి బాధ్యతగా మొదలైన సంగతి ఇన్నేళ్లు ప్రయాణం చేసి మా హాలుకు చేరేసరికి కిందివాళ్ల నైపుణ్యం అయింది. ప్రమాదం కూడా చేతులు మారింది. ఇప్పుడు తిరిగి చెప్పవలసింది గెస్ట్ లెక్చరరు. సరిగ్గా చెప్పకపోతే వచ్చే ఏడాది రెన్యూవల్ పోయేది ఆమెకే. ఈ నైపుణ్యం ఆడవాళ్లకు సహజంగానే వస్తుందని పొగుడుతారు చూడండి, ఆ పొగడ్తకు వెనక పనిభారం ఉంది. 1978లో పమేలా ఫిష్మన్ అనే పరిశోధకురాలు మూడు జంటల ఇళ్లలో 52 గంటల మాటలు రికార్డు చేసి చూసింది. ప్రశ్నలు వేసేది, ఊఁ కొట్టేది, మాట తెగిపోకుండా లాక్కొచ్చేది ఆడవాళ్లు. ఏ విషయం సంభాషణగా నిలవాలో, ఏది గాలిలో పోవాలో తేలేది మాత్రం మగవాళ్ల చేతుల్లో. ఆడవాళ్ల ఊఁ అంటే వింటున్నాను, చెప్పు అని. మగవాళ్ల ఊఁ అంటే ఇక చాలు అని. మూడు జంటలతో లోకానికంతటికీ సిద్ధాంతం చెయ్యలేం, నిజమే. కానీ ఆ పేజీలు చదువుతుంటే మా వంటింట్లోంచి ఎవరో రాసినట్టు అనిపించింది నాకు.

మీటింగుల గురించి ఎక్కువ చెప్పను, ఈ పత్రిక చదివేవాళ్లందరికీ అనుభవమే. మీరొక మాట చెప్తారు. గది మాట్లాడదు. పావుగంట తర్వాత ఒకాయన, ‘ఇందాక మేడం చెప్పబోయింది ఏంటంటే’ అని మొదలుపెడతాడు. చెప్పబోయింది! చెప్పింది కాదు. అదే మాట కొంచెం నున్నగా అయి బయటికి వస్తుంది. మినిట్స్‌లో ఆయన పేరుతో ఎక్కుతుంది. ఒబామా మొదటి విడత పాలనలో వైట్‌హౌస్‌లోని మహిళా సిబ్బంది దీనికొక ఉపాయం పన్నారని 2016లో పత్రికల్లో వచ్చింది. ఒక ఆమె చెప్పిన ముఖ్యమైన మాటను ఇంకొక ఆమె ఆమె పేరుతో సహా మళ్లీ చెప్పడం. మంచి ఉపాయమే. నేను కూడా వాడాను. కానీ దానికి ఆ గదిలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, ఆ ఇద్దరిలో ఒకరి ఉద్యోగమైనా పర్మనెంట్ అయి ఉండాలి. మా డిపార్టుమెంటు కౌన్సిల్‌లో ఆ రెండో షరతు ఏనాడూ తీరలేదు.

తిరిగి చెప్పి ధ్రువపరచుకోవడం అనేదే మోసం, కార్పొరేట్ వాళ్ల తంతు అని కొట్టిపారేసే స్నేహితులు నాకున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. ఇది ప్రాణాలు కాపాడే పద్ధతి. విమానాలు నడిపేవాళ్లకు, కంట్రోల్ టవర్లకు దీని విలువ తెలుసు. 1977 మార్చి 27న టెనెరిఫే ద్వీపంలో రన్‌వే మీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచు. ఒక విమానం ఇంకా రన్‌వే మీదే ఉంది. రెండో విమానం కెప్టెన్, అనుమతి వచ్చిందనుకుని బయల్దేరాడు. అక్కడ తిరిగి చెప్పడం జరగలేదా అంటే జరిగింది. కో పైలట్ చెప్పాడు, కానీ ఆ మాట రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉంది. టవర్ నుంచి సరే అన్నట్టుగా మాట వచ్చింది. ఆ తర్వాత ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది, ఆ మొదటి విమానం ఇంకా తప్పుకోలేదేమోనని అడిగాడు. కెప్టెన్, తప్పుకుందని గట్టిగా చెప్పాడు. ఆ కెప్టెన్ వాళ్ల కంపెనీలోకెల్లా పేరున్న పైలట్. ఇంజనీరు మళ్లీ అడగలేదు. కొన్ని క్షణాల్లో అంతా అయిపోయింది. ఆ ప్రమాదం తర్వాత రేడియోలో వాడే మాటలను కచ్చితం చేశారు. కాక్‌పిట్‌లో చిన్నవాళ్లు అనుమానం చెప్పాలని, పెద్దవాళ్లు వినాలని శిక్షణ మొదలైంది. మాటలు తిరిగి చెప్పడం ఒక్కటీ చాలదని, కింది మనిషి కాదన్నప్పుడు పై మనిషి ఆగి తీరాలని ఆ రంగం 583 ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. మా సూపరింటెండెంటుగారి ముందు నేనన్న ‘లేదండీ’కి ఎవరూ చావలేదు కాబట్టి అది ఆటవిడుపుగా పోయింది.

ఇక్కడిదాకా రాసింది తేలిక. రాయవలసింది ఇంకొకటి ఉంది.

ఎనిమిదేళ్ల కిందటి మాట. నాకు ఇరవై తొమ్మిది. వేరే సంస్థలో ప్రాజెక్టు అసిస్టెంటుని. పీహెచ్‌డీ అప్పుడే వచ్చింది, జూన్‌లో కాంట్రాక్టు పొడిగించాలి. అక్కడ ఊడ్చే పనికి కాంట్రాక్టరు తరఫున వచ్చే ఒక ఆమె ఒక రోజు మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చి నిలబడింది. ఆమె ఎవరో పోల్చుకోగల వివరాలన్నీ తీసేశాను, రాయడానికి ఆమె ఒప్పుకుంది. సెక్షన్ ఆఫీసరుతో మాట్లాడాలంది. ఆయన, ‘మీరు ఆడవాళ్లు కదా, ఏంటో కనుక్కుని ఒక నోట్ పెట్టండమ్మా’ అని నాకు అప్పజెప్పారు. వరండాలో కూర్చున్నాం. ఆమె చెప్పింది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

‘రూముల ఊడుస్తున్న మేడం. ఎన్కకెల్లి ఒచ్చిండు. తలుపు దగ్గరికేసిండు. కాయితాలు కింద పడ్డయి ఏరమన్నడు. నేను ఒంగలే. చీపురు పట్టుకొని అట్లనే నిలబడ్డ. చెయ్యి పట్టిండు, చీపురు గుంజిండు. నేను చీపురు ఇడ్వలే. నేను చీపురు ఇడ్వలే మేడం.’

ఆ చివరి మాట రెండుసార్లు అంది. నేను ఊఁ అంటూ విన్నాను. బాగా విన్నాననే అనుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను కూడా. లోపలికి వెళ్లి నోట్ రాశాను. నా భాష మీద నాకు గర్వంగా ఉన్న రోజులవి. ‘సదరు ఉద్యోగి ప్రవర్తన కారణంగా తాను విధి నిర్వహణలో అసౌకర్యానికి గురవుతున్నట్లు ఆమె తెలియజేశారు. తగిన చర్య నిమిత్తం’. మూడు పంక్తులు కూడా నిండలేదు. తలుపు లేదు, కాగితాలు లేవు, చెయ్యి లేదు, చీపురు లేదు. కింద సంతకం పెట్టమన్నాను. పెట్టింది. ఏం రాశానో చదివి వినిపించలేదు. ఆమె అడగలేదు. అడిగే అలవాటు ఆమెకు ఎవరు చేశారు గనక.

ఎందుకలా రాశానని చాలాసార్లు ఆలోచించాను. భయం కొంత, జూన్ నెల కొంత. కానీ ఎక్కువ భాగం అలవాటు. ఆమె మాటల్లో ఉన్నది ఆఫీసు ఫైల్లో పట్టదని నాకు తెలుసు, ఫైల్లో పట్టేలా కుదించడమే నా చదువు అనుకున్నాను. ఆమె భాషను సంస్కరించి ఆమెకు మేలు చేస్తున్నాననుకున్నాను. అసౌకర్యం అన్న మాట చూడండి. ఫ్యాను తిరగకపోతే అసౌకర్యం, బాత్రూంలో నీళ్లు రాకపోతే అసౌకర్యం. ఆ మాట చూసిన సెక్షన్ ఆఫీసరు దాన్ని హౌస్‌కీపింగ్ వ్యవహారంగానే చూశారు. కమిటీకి పంపే విషయమేం కాదన్నారు. కాంట్రాక్టరుకు ఫోన్ చేశారు. ఆమెను ఊరి రెండో చివర ఉన్న ఇంకో భవనానికి మార్చారు. రోజుకు రెండు బస్సులు పెరిగాయి ఆమెకు. అతను అదే గదిలో ఉన్నాడు. జూన్‌లో నా కాంట్రాక్టు పొడిగించారు.

చట్టం అప్పటికే ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా 2013లో వచ్చిన చట్టం కాంట్రాక్టరు ద్వారా వచ్చిన మనిషిని కూడా ఉద్యోగిగానే లెక్కిస్తుంది. ఫిర్యాదు 3 నెలల్లోపు ఇవ్వాలి, కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పెంచవచ్చు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి. రాయలేని మనిషికి రాసిపెట్టడంలో కమిటీ తగిన సహాయం చెయ్యాలని 9వ సెక్షన్ చెప్తుంది. ఆ సహాయం ఎలాంటిదో చెప్పలేదు. ఎవరి మాటల్లో రాయాలో చెప్పలేదు, రాసింది ఆమెకు చదివి వినిపించాలన్న మాట ఆ సెక్షన్‌లో లేదు.

పోలీసుస్టేషన్‌కు ఉన్న నియమం మన ఆఫీసులకు లేదన్నమాట. నోటితో ఇచ్చిన సమాచారాన్ని రాసుకున్నాక ఇచ్చిన మనిషికి చదివి వినిపించాలని, తర్వాతే సంతకం తీసుకోవాలని, కాపీ ఉచితంగా ఇవ్వాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో కూడా అది కొనసాగింది. కోర్టులో సాక్షి చెప్పింది రాసుకున్నాక ఆమెకు చదివి వినిపించాలి, ఏదైనా తప్పని ఆమె అంటే దిద్దాలి, దిద్దకపోతే ఆమె ఫలానా అభ్యంతరం చెప్పిందనైనా రాయాలి. స్టేషన్లలో, కోర్టుల్లో ఇది ఎంత సక్రమంగా జరుగుతుందో మనకు తెలుసు, నేనేం మురిసిపోవడం లేదు. కానీ కాదన్న మాటకు కూడా కాగితం మీద చోటు ఉండాలని కనీసం ఒకచోట రాసి ఉంది.

ఆ చోటు లేనప్పుడు ఏం జరుగుతుందో మథుర కేసు మనకు చెప్పింది. స్టేషన్‌లో పోలీసుల చేతిలో అత్యాచారానికి గురైన ఆ ఆదివాసీ అమ్మాయి కేకలు వెయ్యలేదు, ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి అది అంగీకారమేనని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆమె మౌనానికి న్యాయమూర్తులు చెప్పిన తాత్పర్యం అది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని వాళ్లు గట్టిగా అడిగారు. దేశమంతా స్త్రీల సంఘాలు రోడ్ల మీదికి వచ్చాయి. ఒంటితో ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో అంగీకారం ఉన్నట్టు భావించకూడదని చట్టంలోకి ఎక్కడానికి 2013 దాకా పట్టింది. ఒక తాత్పర్యాన్ని కొట్టెయ్యడానికి ముప్పై అయిదేళ్లు. నా నోట్ అంత పెద్దది కాదు, దాని మీద ఎవరూ బహిరంగ లేఖ రాయరు. కానీ చీపురు వదలకపోవడం ఆమె ప్రతిఘటన. దాన్ని ఫైల్లోకి రానివ్వకుండా తీసేసింది స్త్రీవాద సాహిత్యం మీద పరిశోధన చేసిన నేను.

ఈ మాట రాయడం వెనక నాకొక ఉద్దేశం ఉంది. మన పత్రికల్లో మన గొంతు నొక్కేసినవాళ్ల గురించి మనం చాలా రాశాం, రాయాలి. కానీ మనలో చాలామందిమి ఇప్పుడు నోట్లు రాసే స్థానంలో ఉన్నాం. కమిటీల్లో సభ్యులం, ఇంటర్వ్యూలు చేసే పరిశోధకులం, నివేదికలు రాసే కన్సల్టెంట్లం. గ్రామానికి వెళ్లి రెండు గంటలు రికార్డు చేసుకొచ్చి, ‘స్థానిక మహిళలు పేదరికాన్ని ప్రధాన సమస్యగా పేర్కొన్నారు’ అని రాసేవాళ్లం. 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ వేసినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ సంగతులు తామే చెప్పుకున్నట్టుగా ఆ పుస్తకం నిలిచింది. మాట్లాడినామె పేరు, ఆమె మాట తీరు, ఆమె కోపం. అది మనకు వారసత్వంగా ఉండగా మనం ‘పేర్కొన్నారు’ దగ్గరికి ఎలా వచ్చాం? ప్రాజెక్టు నిధులిచ్చేవాళ్లకు అలా కావాలి, జర్నల్ వాళ్లకు అలా కావాలి అంటాం. నాకు సెక్షన్ ఆఫీసరుకు అలా కావాలి. తేడా ఏమిటో ఎవరైనా చెప్తే వింటాను.

ఈ సంగతి మొదట ఒక సమావేశంలో మాట్లాడినప్పుడు ఒక పెద్దావిడ, నేను గౌరవించే రచయిత్రి, ‘అలాగైతే ఎవరి మాటా ఎవరూ కుదించకూడదా? కుదించకుండా పనెలా జరుగుతుంది?’ అన్నారు. న్యాయమైన ప్రశ్న. కుదించకుండా మినిట్స్ రాయలేం, తీర్పు రాయలేం, ఈ వ్యాసం కూడా రాయలేం. ఇప్పుడు మీరు చదివిన ఆమె మాటలు కూడా నేను ఏరినవే, వరండాలో ఆమె అరగంట మాట్లాడింది. నేనడిగేది కుదింపు మానమని కాదు. కుదించింది సరిగ్గా ఉందో లేదో తేల్చవలసింది ఎవరన్నది. మా వర్క్‌షాపులో దాన్ని శిక్షకుడు తేల్చాడు. మా ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు తేల్చాడు. మాట ఎవరిదో ఆమె తేల్చాలి. ఆమె కాదంటే ఆ కాగితం ముందుకు కదలకూడదు. కాదన్నందుకు ఆమెకు ఇంకో బస్సు పెరగకూడదు. పని ఆలస్యమవుతుందంటారు. అవనివ్వండి, నా ఫెలోషిప్ ఫైలు అయిదు నెలలు ఆగింది, ఎవరి కొంపా మునగలేదని అకౌంట్స్ వాళ్లే చెప్పారు.

ఇంకొందరు, ఇది భాష సమస్య కాదు అధికారం సమస్య, అధికారం మారనిదే చదివి వినిపించి ఏం లాభం అన్నారు. ఈ మాట నాకు అర్థమవుతుంది, ఒప్పుకోను. అధికారం ఎక్కడో ఆకాశంలో ఉండదు, నేను రాసిన ఆ మూడు పంక్తుల్లో ఉంది. ఆ రోజు నేను ఆ కాగితాన్ని ఆమెకు చదివి వినిపించి ఉంటే పది నిమిషాలు పట్టేది. ఆమె ఏమనేదో నాకిప్పుడు తెలుసు, ఎందుకంటే పోయిన వేసవిలో వినిపించాను.

ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. ఆ భవనంలో కూడా ఇప్పుడు లేదు, ఒక అపార్టుమెంటులో పనిచేస్తోంది. గేటు పక్కన వాచ్‌మన్ గది ముందు అరుగు మీద కూర్చున్నాం. నా దగ్గర ఆ నోట్ ఫొటోకాపీ ఉంది. చదివాను. సదరు, విధి నిర్వహణ, అసౌకర్యం అన్న మాటలు ఆ ఎండలో చదువుతుంటే నాకే నోరు తిరగలేదు. ఆమె మొత్తం విన్నది. ‘ఇంకోసారి సదువున్రి’ అంది. ఇంకోసారి చదివాను.

‘గిది నేను చెప్పింది గాదు మేడం’ అంది. ‘తలుపేది? చీపురేది?’

నా దగ్గర జవాబు లేదు. క్షమించమన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు, ‘అప్పుడే సదివితే అప్పుడే చెప్తుంటి గద’ అంది. కోపంగా అనలేదు. కూరగాయల లెక్కలో పొరపాటు చూపించినట్టు అంది. సంచీలోంచి తెల్ల కాగితాలు తీసి, మళ్లీ చెప్పమని అడిగాను. చెప్పింది. ఈసారి ఆమె ఆపిన చోటల్లా ఆగి, రాసిన వాక్యం చదివి, ఆమె ఊఁ అన్నాకే తర్వాతి వాక్యానికి వెళ్లాను. మూడుచోట్ల కాదంది. ‘గుంజిండు’ అని రాయడానికి బదులు ‘లాగాడు’ అని రాశాను ఒకచోట. దిద్దించింది. అతను తలుపు వేశాడని రాస్తే, ‘గొళ్లెం పెట్టలే, దగ్గరికేసిండు, ఉన్నదే రాయున్రి’ అంది. గంటన్నర పట్టింది. రెండు పేజీలు వచ్చాయి.

దానితో ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నది వేరే సంగతి. కమిటీ గడువు ఎప్పుడో దాటిపోయింది. అతను రిటైరయ్యాడని విన్నాను. ఆమెకు ఈ సంగతులు చెప్పాను, తెలుసంది. మరి కాగితం ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. జిరాక్సు తీయించుకొచ్చి ఒకటి ఆమెకిచ్చాను. నాలుగు మడతలు పెట్టి బియ్యం కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. లేచి వెళ్లబోతూ, కింద తేదీ వేశావా అని అడిగింది. మర్చిపోయాను. రెండు కాపీల మీదా వేశాను.